భాగం 9: స్థానిక ఉపశమన సంరక్షణ సేవల నాణ్యతను అంచనా వేయడం

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఉపశమన సంరక్షణ, హాస్పిస్ అనే మాటలకు అర్థాన్ని వివరించగలుగుతారు.
• ఒక సంరక్షణ సంస్థ నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల నుంచి పరిశీలించగలుగుతారు.
• మార్ఫిన్ అందుబాటు, రాత్రివేళ సహాయం ఎందుకు కీలకమైనవో చెప్పగలుగుతారు.
• మీ ప్రాంతంలోని సేవకు మార్కులు వేసి, ఆ మార్కులకున్న పరిమితులను గుర్తించగలుగుతారు.

9.1 విషయ పరిచయం

గత భాగంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి బోధనాసుపత్రి వరకు ఉన్న వైద్య సేవల అంచెలను గురించి తెలుసుకున్నారు. ఆ అంచెలన్నీ జబ్బును నయం చేయడానికి ఏర్పడినవి. జబ్బు నయం కాదని తేలినప్పుడు రోగి ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతికే భాగమిది.

రాజంపేట మండలంలోని ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంట్లో అవ్వకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. తిరుపతిలో చికిత్స జరిగింది. “ఇక ఇంటికి తీసుకుపోండి” అని డాక్టర్లు చెప్పారు. కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో కోడలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. కొడుకు రోజూ రాత్రి ఫోన్ చేసి “నొప్పి ఎట్లుందమ్మా?” అని అడుగుతాడు. “బాగానే ఉండా నాయనా” అంటుంది తల్లి. ఫోన్ పెట్టేసిన తరువాత తెల్లవార్లూ మూలుగుతుంది. ఆ మూలుగు వినేది కోడలు ఒక్కతే. ఇంతలో ఎవరో ఒక సంస్థ పేరు చెప్పి, “వాళ్లు బాగా చూసుకుంటారు” అన్నారు. బాగా చూసుకోవడమంటే ఏమిటి? దాన్ని తెలుసుకునేదెలా? ఎంపిక తప్పయితే దాన్ని సరిదిద్దుకోవడానికి ఆ అవ్వకు మిగిలి ఉన్న కాలం బహుశా కొన్ని వారాలే. కాబట్టి ముందే అడగవలసిన ప్రశ్నలు మనకు తెలిసి ఉండాలి.

9.2 ఉపశమన సంరక్షణ, హాస్పిస్: అర్థం, పుట్టుపూర్వోత్తరాలు

తీవ్రమైన వ్యాధి ఉన్న వ్యక్తికి నొప్పిని, ఇతర బాధలను తగ్గించి, రోగికీ కుటుంబానికీ జీవన నాణ్యతను మెరుగుపరచే సంరక్షణను ఉపశమన సంరక్షణ లేదా పాలియేటివ్ కేర్ అంటారు. ఇది క్యాన్సర్‌కే పరిమితం కాదు. మూత్రపిండాల వైఫల్యం, గుండె బలహీనత, పక్షవాతం, తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి ఉన్నవారికి కూడా అవసరమే. చికిత్స జరుగుతున్నప్పుడే దీన్ని మొదలుపెట్టవచ్చు. జీవితపు చివరి దశలో అందించే ఉపశమన సంరక్షణను, అది అందించే కేంద్రాన్ని హాస్పిస్ అంటారు.

ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ నాంది పలికింది. రోగి బాధ శరీరానికి మాత్రమే సంబంధించింది కాదనీ, అందులో మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక పార్శ్వాలు కలగలిసి ఉంటాయనీ ఆమె చెప్పారు. దీనినే ‘సమగ్ర వేదన’ అనవచ్చు. మన అవ్వకు కడుపులో నొప్పితో పాటు కొడుకు రాలేదన్న దిగులు, చికిత్సకు చేసిన అప్పు గురించిన బెంగ కూడా ఉన్నాయి. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

మన దేశంలో తొలి హాస్పిస్ శాంతి అవేదన సదన్ 1986లో ముంబయిలో ప్రారంభమైంది. కేరళలో 1993లో కోళికోడ్ వైద్య కళాశాల కేంద్రంగా పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఏర్పడింది. తరువాత అక్కడి పల్లెల్లో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలే ఇరుగుపొరుగు రోగులను చూసుకునే పద్ధతి వ్యాపించింది. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సంరక్షణ విధానాన్ని ప్రకటించింది. తెలుగు ప్రాంతంలో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉపశమన విభాగం, 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ చొరవతో మొదలై ఉచితంగా సేవలందిస్తున్న స్పర్శ్ హాస్పిస్ ప్రసిద్ధమైనవి. జాతీయ స్థాయిలో 2012లో ఉపశమన సంరక్షణ కార్యక్రమం రూపొందింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం దీన్ని ప్రాథమిక వైద్య సేవల్లో భాగం చేసింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ‘ఉపశమన సంరక్షణకు పంపడమంటే చేతులెత్తేయడమే’ అని చాలామంది అనుకుంటారు. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇందుకు భిన్నమైన ఫలితాన్ని చూపింది. చికిత్సతో పాటు తొలి నుంచే ఉపశమన సంరక్షణ పొందినవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. పైగా వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు కాగా, మామూలు సంరక్షణ మాత్రమే పొందినవారిది 8.9 నెలలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1. ‘సమగ్ర వేదన’ అంటే ఏమిటి?

9.3 మూడు కోణాల పరిశీలన

వైద్య సేవల నాణ్యతను అంచనా వేయడానికి మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అవేడిస్ డొనబేడియన్ 1966లో ఒక చట్రాన్ని ప్రతిపాదించారు. నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల చట్రమిది. వంటతో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. పొయ్యి, పాత్రలు, సరుకులు ఉన్నాయా అన్నది నిర్మాణం. వండిన తీరు ప్రక్రియ. తిన్నవారి ఆకలి తీరిందా లేదా అన్నది ఫలితం. సరుకులన్నీ ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. ఈ మూడింటినీ ఉపశమన సంరక్షణకు అన్వయించి చూద్దాం.

9.3.1 నిర్మాణం

మొదట చూడవలసింది మనుషులను. డాక్టరు, నర్సు ఉపశమన సంరక్షణలో ప్రత్యేక శిక్షణ పొందారా? ఎక్కడ, ఎన్నాళ్లు? ఎం.బి.బి.ఎస్. పట్టా ఉన్నంత మాత్రాన తీవ్రమైన నొప్పిని అదుపు చేయడం వస్తుందని అనుకోకూడదు. సంస్థ ప్రైవేటుదైతే, రాష్ట్రంలోని ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు సంబంధించిన 2002 చట్టం కింద నమోదైందా అని కూడా అడగాలి.

రెండవది మార్ఫిన్. ముదిరిన క్యాన్సర్ నొప్పికి పారాసిటమాల్ వంటి మాత్రలు చాలనప్పుడు నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ప్రధానమైన మందు. నల్లమందు నుంచి వచ్చేది కావడంతో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం తరువాత దీనికి ఎన్నో లైసెన్సులు అవసరమయ్యాయి. అందువల్ల చాలా ఆస్పత్రులు దీన్ని నిల్వ చేయడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి ఈ ఇబ్బందిని తగ్గించారు. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తించిన వైద్య సంస్థలు, శిక్షణ పొందిన డాక్టరు ఉంటే, మార్ఫిన్‌ను నిల్వ చేసి ఇవ్వవచ్చు. “మీకు ఆ గుర్తింపు ఉందా? లేకపోతే మార్ఫిన్ ఎక్కడి నుంచి తెప్పిస్తారు?” ఈ ఒక్క ప్రశ్నతో సంస్థ సత్తా చాలావరకు తెలిసిపోతుంది.

మూడవది దూరం. రాజంపేట నుంచి కడప సుమారు 55 కి.మీ., తిరుపతి సుమారు 90 కి.మీ. తిరుపతిలో స్విమ్స్ ఉంది. టాటా ట్రస్టుల తోడ్పాటుతో 2022లో ప్రారంభమైన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి కూడా ఉంది. కొందరు వేలూరు సీఎంసీ దాకా పోతారు. కూర్చోలేని రోగికి బస్సు ప్రయాణమే ఒక శిక్ష. కాబట్టి సంస్థ ఇంటికి వస్తుందా, ఏ ఊళ్ల వరకు వస్తుంది, ఎన్నాళ్లకొకసారి వస్తుంది అన్నవి ముఖ్యం. విపత్తుల మాటా అడగాలి. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలు వరదపాలైన సంగతి మీకు తెలిసిందే. దారులు తెగినా రోగికి మందు ఆగకూడదు. రోగి దగ్గర ఎన్ని రోజులకు సరిపడా మందు ఉంచుతారో సంస్థ చెప్పగలగాలి.

9.3.2 ప్రక్రియ

నొప్పిని ఎలా కొలుస్తున్నారన్నది ప్రక్రియలో మొదటి ప్రశ్న. “పర్వాలేదు”, “బాగానే ఉండా” అనే జవాబులు కొలతలు కావు. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమనడం సాధారణ పద్ధతి. అంకెలు అలవాటు లేని పెద్దవారిని “రూపాయికి ఎన్ని అణాల నొప్పి?” అని అడిగి చూడవచ్చు. పదహారణాల నొప్పి అంటే ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. ఏ కొలత వాడినా ప్రతి సందర్శనలో అదే వాడాలి, తేదీతో నమోదు చేయాలి. నొప్పి తగ్గకపోతే మందు మార్చాలి. నమోదు పుస్తకంలో వరుసగా మూడు సందర్శనలలో ‘8’ అని ఉండి, మందు మాత్రం మారకపోతే, కొలత జరిగింది కానీ సంరక్షణ జరగలేదని అర్థం.

రెండవది దుష్ఫలితాల పట్ల జాగ్రత్త. మార్ఫిన్ వాడేవారిలో మలబద్ధకం దాదాపు తప్పనిసరిగా వస్తుంది. మంచి సంస్థ మార్ఫిన్‌తో పాటే విరేచనకారి మందును కూడా ఇస్తుంది. ఇవ్వకపోతే, ఆ బాధ భరించలేక రోగి అసలు మందునే మానేస్తాడు.

మూడవది కుటుంబానికి నేర్పడం. రోగితో ఇరవై నాలుగు గంటలూ ఉండేది నర్సు కాదు, కోడలు. పుండ్లు పడకుండా పక్క మార్చడం, పుండు ఉంటే కడిగి కట్టు కట్టడం, నోరు శుభ్రపరచడం, మందు వేళలు రాసుకోవడం ఆమెకు చేసి చూపించాలి. ఆమె చేస్తుండగా పక్కన ఉండి సరిచేయాలి. కరపత్రం చేతిలో పెట్టి పోవడం శిక్షణ కాదు.

నాలుగవది నిజం చెప్పే తీరు. మన ఇళ్లలో “అమ్మకు చెప్పొద్దు సార్” అనడం మామూలే. మంచి సంస్థ కుటుంబాన్ని గద్దించదు, రోగిని మోసగించదు. రోగికి ఎంతవరకు తెలుసు, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారు అని మొదట రోగినే మెల్లగా అడుగుతుంది. చివరి రోజుల్లో వెంటిలేటర్ వంటివి వద్దని ముందే రాసి ఉంచుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9 నాటి తీర్పులో గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభతరం చేసింది. నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సమక్షంలో సంతకం చేస్తే సరిపోతుంది. ఈ విషయం సంస్థ సిబ్బందికి తెలుసా అన్నది కూడా పరిశీలించండి.

9.3.3 ఫలితం

మామూలు ఆస్పత్రి ఫలితాన్ని ఎంతమంది కోలుకున్నారన్న లెక్కతో చెప్పవచ్చు. హాస్పిస్‌కు ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ అడగవలసినవి వేరు. మొదటి సందర్శన తరువాత ఒకటి రెండు రోజుల్లో నొప్పి ఎంత తగ్గింది? రోగికి నిద్ర పట్టిందా? చివరి వారంలో ఎన్నిసార్లు అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తారు? రోగి కోరుకున్న చోటే ప్రాణం విడిచారా? కుటుంబం అప్పుల పాలైందా? పెద్దకర్మ అయిన తరువాత ఎవరైనా వచ్చి కోడలిని, పిల్లలను పలకరించారా?

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
2. నొప్పిని క్రమం తప్పకుండా నమోదు చేస్తున్నప్పటికీ సంరక్షణ సరిగా లేదని ఎప్పుడు చెప్పవచ్చు?

9.4 సమాచారం సేకరించే పద్ధతులు

సంస్థ ప్రతినిధి చెప్పింది ఒక్కటే ఆధారమైతే అది ప్రకటన అవుతుంది కానీ అంచనా కాదు. మూడు వైపుల నుంచి సమాచారం తీసుకోండి.

(అ) చూడటం: సంస్థ అనుమతితో, రోగి కుటుంబం ఒప్పుకుంటే, ఒక ఇంటి సందర్శనలో వెంట వెళ్లండి. నర్సు కూర్చుని మాట్లాడుతోందా, చెప్పులు విడవకుండా గడప దగ్గరే నిలబడి మాత్రలిచ్చి పోతోందా గమనించండి.

(ఆ) నమోదులు: పేర్లు కనబడకుండా చేసిన కేసు షీట్లు చూపమని కోరండి. పేర్లను మీ నోటు పుస్తకంలో రాసుకోకండి.

(ఇ) కుటుంబాలు: సేవ పొందినవారితో మాట్లాడండి. అయితే కృతజ్ఞత వల్ల చాలామంది తప్పులు చెప్పరు. ఉచితంగా చేసినవారిని విమర్శించడానికి మొహమాటపడతారు. “సేవ బాగుందా?” అని అడిగితే “దేవుళ్లు సార్” అనే జవాబే వస్తుంది. “చివరిసారి రాత్రిపూట ఎప్పుడు ఫోన్ చేశారు? ఎవరు ఎత్తారు? ఎంతసేపటికి సాయం అందింది?” అని జరిగిన సంఘటన గురించి అడగండి. సంఘటనలు మొహమాటాన్ని దాటి నిజం చెబుతాయి.

రాత్రి ఫోన్ సంగతి స్వయంగా పరీక్షించాలని అత్యవసర నంబరుకు ఉత్తుత్తిగా ఫోన్ చేయకండి. ఆ సమయంలో నిజమైన రోగికి లైను దొరకకపోవచ్చు.

9.5 మార్కులు వేయడం

కింది పది అంశాలకు ఒక్కొక్కదానికి 0 (లేదు), 1 (కొంతవరకు), 2 (పూర్తిగా ఉంది) చొప్పున మార్కులు వేయండి. మొత్తం 20.

1. శిక్షణ పొందిన డాక్టరు, నర్సు
2. మార్ఫిన్ నిరంతరం అందుబాటు
3. రాత్రివేళ, సెలవు రోజుల్లో సహాయం
4. నొప్పిని కొలిచి, నమోదు చేసి, మందు మార్చడం
5. క్రమబద్ధమైన ఇంటి సందర్శనలు
6. సంరక్షకులకు శిక్షణ
7. రోగి ఇష్టాన్ని తెలుసుకొని గౌరవించడం
8. ఖర్చుల విషయంలో స్పష్టత
9. వసతి, శుభ్రత
10. మరణానంతరం కుటుంబానికి తోడ్పాటు

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ‘క’ సంస్థకు పట్టణంలో శుభ్రమైన భవనం, పడకలు, రాత్రిళ్లు సిబ్బంది ఉన్నారు. మార్ఫిన్ లేదు. దాని మార్కులు వరుసగా 2, 0, 2, 1, 1, 2, 2, 2, 2, 1. మొత్తం 15. ‘ఖ’ సంస్థకు భవనం లేదు. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక వాహనం ఉన్నాయి. మార్ఫిన్ ఉంది. దాని మార్కులు 2, 2, 2, 2, 2, 1, 1, 1, 0, 0. మొత్తం 13.

మొత్తాన్ని బట్టి ‘క’ మెరుగు. కానీ మన అవ్వకు ‘క’లో దొరికేది శుభ్రమైన పడక మీద అదే నొప్పి. భవనానికి వచ్చిన 2 మార్కులు మార్ఫిన్ లేని లోటును కూడికలో పూడుస్తాయి. ఆమె ఒంట్లో మాత్రం పూడ్చలేవు. అందువల్ల 1, 2, 3 అంశాలను ‘తప్పనిసరి అంశాలు’గా తీసుకోండి. వీటిలో ఏ ఒక్కదానికి సున్నా వచ్చినా, మొత్తం మార్కులు ఎన్ని ఉన్నా, తీవ్రమైన నొప్పి ఉన్న రోగికి ఆ సంస్థ తగదు. తప్పనిసరి అంశాలలో నెగ్గిన సంస్థలను మాత్రమే మొత్తం మార్కులతో పోల్చాలి.

అలాగని ‘ఖ’ అందరికీ తగినదని కాదు. ఇంట్లో చూసుకునే మనిషే లేని ఒంటరి వృద్ధుడికి పడక ఉన్న కేంద్రం కావాలి. నొప్పి లేకుండా, పక్షవాతంతో మంచాన ఉన్నవారికి సంరక్షకుల శిక్షణే మార్ఫిన్ కంటే ముఖ్యం కావచ్చు. ఎవరి కోసం అంచనా వేస్తున్నామో తెలియకుండా వేసిన మార్కులకు విలువ లేదు.

9.6 ఒకే సంస్థ లేని చోట

చిన్న పట్టణాలలో, పల్లెలలో ఉపశమన సంరక్షణ ఒకే బోర్డు కింద దొరకడం అరుదు. అక్కడ సేవ ఒక గొలుసులా ఉంటుంది. మందు రాసేది తిరుపతిలోనో కడపలోనో ఉన్న డాక్టరు. కట్టు కట్టేది ఊరి ఏఎన్ఎం. రక్తపోటు చూసేది 104 వాహనం. అర్ధరాత్రి దిక్కు పట్టణంలోని ప్రభుత్వ ఆస్పత్రి. ఇలాంటప్పుడు ఒక్కొక్క కడియాన్ని విడిగా చూసి ఊరుకోకుండా, కడియాల మధ్య అతుకులను పరిశీలించాలి. క్యాన్సర్ ఆస్పత్రి డాక్టరు రాసిన కాగితం ఊరి ఏఎన్ఎంకు చేరిందా? ఆమె సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? మార్ఫిన్ అయిపోకముందే మళ్లీ తెచ్చే బాధ్యత ఎవరిది? రోగి మళ్లీ స్వయంగా రావాలా, కుటుంబ సభ్యులు కాగితాలతో వస్తే చాలా? గొలుసు చాలాసార్లు తెగేది ఈ అతుకుల దగ్గరే.

ఈ లోటును పూడ్చడానికే తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆస్పత్రులలో ఉపశమన కేంద్రాలు నెలకొల్పి, ‘ఆలన’ పేరుతో ఇంటింటికీ వెళ్లే వాహనాలను వాటికి జోడించింది. మార్ఫిన్ ఇచ్చేవారు, ఇంటికి వచ్చేవారు ఒకే బృందమైతే అతుకులు తగ్గుతాయి.

ఆర్థిక సహాయం కూడా ఈ గొలుసులో ఒక కడియమే. పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి నెలకు రూ. 15,000 పింఛను ఇస్తోంది. ఏ పథకం ఎవరికి వర్తిస్తుందో తెలిసి, సచివాలయంలో దరఖాస్తు పెట్టించే సంస్థ మంచి సంస్థ.

9.7 సారాంశం

ఉపశమన సంరక్షణ లక్ష్యం బాధను తగ్గించి జీవన నాణ్యతను కాపాడటం. దాని నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల నుంచి పరిశీలించాలి. శిక్షణ పొందిన సిబ్బంది, మార్ఫిన్, రాత్రివేళ సహాయం తప్పనిసరి అంశాలు. అభిప్రాయాల కంటే జరిగిన సంఘటనలు నమ్మదగిన ఆధారాలు. ఒకే సంస్థ లేని చోట సేవల మధ్య అతుకులను అంచనా వేయాలి. చివరికి అన్ని ప్రశ్నలూ ఒక ప్రశ్నలోకి వస్తాయి: ఈ సంస్థ వచ్చిన తరువాత, ఫోన్ పెట్టేశాక కూడా అవ్వ నిజంగానే “బాగానే ఉండా” అనగలిగిందా?

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. శారీరక నొప్పితో పాటు మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక బాధలు కలగలిసి ఉండటాన్ని సమగ్ర వేదన అంటారు.
2. నొప్పి తగ్గలేదని నమోదులు చూపుతున్నా మందునో మోతాదునో మార్చనప్పుడు.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉపశమన సంరక్షణ సంస్థ నాణ్యతను డొనబేడియన్ చట్రం ఆధారంగా ఎలా అంచనా వేస్తారు?
2. మొత్తం మార్కులు మాత్రమే చూసి సంస్థను ఎంచుకోవడంలోని లోపాన్ని ఉదాహరణతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్ఫిన్ అందుబాటుపై 1985 చట్టం, 2014 సవరణల ప్రభావం.
2. కుటుంబాల నుంచి సమాచారం సేకరించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు.

III. క్షేత్ర కార్యం
మీ ఊరిలో మంచాన ఉన్న రోగికి అందుతున్న సేవల గొలుసును, కుటుంబం అనుమతితో, పేర్లు లేకుండా ఒక బొమ్మగా గీయండి. గొలుసు తెగుతున్న అతుకును గుర్తించి, దాన్ని కలపడానికి ఎవరు ఏం చేయగలరో ఒక పేజీలో రాయండి. మీరు గుర్తించినదాన్ని ముందుగా ఆ కుటుంబానికి, ఆ తరువాత మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌కు తెలపండి.